రివ్యూకి పది రూపాయలు

కనుమ వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే ఆత్రేయపురం నుంచి పిన్ని ఫోను.

"బుజ్జీ, మన చుక్కలు పోయాయే!"

నిద్రమత్తులో ముగ్గు సంగతనుకున్నాను. పండగ ముగ్గు చెరిగిపోతే దానికి హైదరాబాద్ ఫోన్ చెయ్యాలా అని విసుక్కోబోయాను.

"వాకిట్లో చుక్కలు కాదే, మ్యాప్‌లో చుక్కలు. మన కొట్టు కింద నలభై ఒకటి రివ్యూలుండేవి కదా, ఇప్పుడు ఇరవై మూడే చూపిస్తోంది. చిన్నాగాడు లబోదిబోమంటున్నాడు. ఎవళ్ళదో దిష్టి తగిలింది."

పిన్నిది పూతరేకుల వ్యాపారం. పెద్దదేం కాదు. ఇంటి వసారాలో రెండు పొయ్యిలు, రేకు తీసేవాళ్ళు పిన్నీ ఇంకో ఆవిడా, చుట్టడానికి పక్కింటి వాళ్ళు ముగ్గురు. మెయిన్ రోడ్డు మీద కొట్లకి బారెడు బోర్డులుంటాయి. లోపలి సందులో ఉన్న పిన్నికి మ్యాపే బోర్డు. రెండేళ్ళ కింద మా తమ్ముడు చిన్నా దాన్ని మ్యాప్‌లో పెట్టాక రాజమండ్రి వైపు నుంచి కార్లలో వచ్చేవాళ్ళు సందు వెతుక్కుంటూ రావడం మొదలైంది. కొరియర్ ఆర్డర్లు కూడా అలా వచ్చినవే ఎక్కువ. అందుకని పద్దెనిమిది రివ్యూలు రాత్రికి రాత్రి పోవడమంటే ఆవిడకి గల్లాపెట్టెలో డబ్బు పోయినట్టే.

దిష్టి పెట్టింది ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. మేమే.

భోగి సాయంత్రం పిన్ని ఇంట్లో పదమూడు మందిమి ఉన్నాం. గారెలు తిని బద్ధకంగా కూర్చున్నవాళ్ళని చిన్నాగాడు "అందరూ ఫోన్లు తియ్యండి" అని లేపాడు. ఆ ఇంటి వైఫైలోనే, అరగంటలో అందరం అయిదేసి స్టార్లు కొట్టాం. మా బావగారు "బెస్ట్ పూతరేకులు ఇన్ ఆత్రేయపురం" అని రాశారు. షుగరొచ్చి ఎనిమిదేళ్ళుగా తీపి ముట్టని పెదనాన్న "రుచి అమోఘం" అని రాశారు. ఇది చాలనట్టు, చిన్నాగాడు పండగ ముందు నుంచీ ప్రతి బాక్సులో ఒక చీటీ పెడుతున్నాడట. "ఫైవ్ స్టార్ ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వచ్చే ఆర్డర్‌లో రెండు రేకులు ఫ్రీ." ఆ చీటీ చూసి రాసిన అసలు కస్టమర్లవి కూడా అయిదు మా వాటితో పాటే పోయాయి. ఏం చూసి తీసేసిందో ఆ యాప్ చెప్పదు. కానీ ఒకే ఇంటి నుంచి, ఒకే అరగంటలో, అంతకుముందు ఎప్పుడూ రివ్యూ రాయని పదమూడు మంది ఒకే కొట్టుని మెచ్చుకుంటే నేనైనా తీసేసేదాన్ని.

"తిన్నవాళ్ళే కదే రాశారు. దొంగవెలా అవుతాయి?" అంది పిన్ని.

"పెదనాన్న తినలేదుగా."

"వాసన చూశారుగా!"

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఈ పోస్టు రాయడానికి కారణం అదే. నేను ఒకప్పుడు డబ్బు తీసుకుని దొంగ రివ్యూలు రాశాను.

2016. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సులో చేరాను. మైత్రీవనం వెనక హాస్టలు, ఒక గదిలో ఆరుగురం. ఇంటి నుంచి వచ్చే డబ్బు ఫీజుకీ మెస్సుకీ సరిపోయేది, బస్సు పాసుకి వెతుక్కోవాలి. కోర్సులో పక్కన కూర్చునే అమ్మాయి ఎస్సార్ నగర్‌లో ఒక ఆఫీసుకి తీసుకెళ్ళింది. రెండో అంతస్తు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చెప్పుల డబ్బా నిండా సిమ్ కార్డులు. "డిజిటల్ మార్కెటింగ్" అని తలుపు మీద కాగితం. పొద్దున్నే ఒక ఎక్సెల్ షీటు ఇచ్చేవారు. వ్యాపారం పేరు, తప్పకుండా రావాల్సిన మాటలు, ఆడా మగా, ఎన్ని స్టార్లు. రివ్యూకి పది రూపాయలు. నాలుగు లైన్లు దాటితే పదిహేను.

పళ్ళ డాక్టరు, ఫంక్షన్ హాలు, బిర్యానీ హోటలు, కోచింగ్ సెంటరు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లు మోసే ప్యాకర్సు. వీటిలో దేని గడపా తొక్కకుండానే అన్నిటినీ పొగిడాను. పెళ్ళి కాకుండానే "మా వారికి చాలా నచ్చింది" అని రాశాను. "మా పిల్లలు మళ్ళీ వెళ్దామని గోల" అనీ రాశాను. సారు మంచి తెలివైనవాడు. "అన్నీ అయిదులు కొట్టకండమ్మా, పదింటికి రెండు నాలుగులు పడాలి. నాలుగు కొట్టినప్పుడు ఒక చిన్న లోపం చెప్పండి, పెద్దది కాదు. పార్కింగ్ అని రాయండి, హైదరాబాద్‌లో పార్కింగ్ ఎక్కడా ఉండదు, ఎవరూ కాదనరు" అనేవాడు. అలా ఓ పళ్ళ ఆసుపత్రికి "ట్రీట్‌మెంట్ సూపర్, పార్కింగ్ కాస్త ఇబ్బంది" అని రాశాను. ఓసారి సిటీ బస్సులో అటు వెళ్తూ చూస్తే దానికి సెల్లార్‌లో చక్కటి పార్కింగ్ ఉంది. బోర్డు కూడా పెట్టారు. నేను రాసిన వాటిలో అదొక్కటే ఆ ఆసుపత్రి మీద చెప్పిన చెడ్డమాట, అదీ అబద్ధమే.

ఆ నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి. సారు దగ్గర చిల్లర లేదు. నెల డబ్బులు సగం పది రూపాయల నాణేల్లో ఇచ్చాడు, ఒక చిన్న గుడ్డ సంచిలో. అప్పట్లో పది రూపాయల నాణేల్లో దొంగవి వచ్చాయని ఒకటే పుకారు గుర్తుందా? గీతలు పదుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అని కొట్టువాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చినా ఎవరూ వినలేదు. మా హాస్టలు కింద కిరాణా కొట్టాయన నా సంచి చూసి "ఇవి నడవవమ్మా" అన్నాడు. దొంగ రాతలకి కూలిగా వచ్చిన అసలు నాణేలని దొంగవంటున్నాడు. కోపమొచ్చింది కూడా. "ఇవి అసలువే అంకుల్" అని వాదించాను. ఆయన నా మొహం చూసి "నువ్వన్నంత మాత్రాన అసలువైపోతాయా?" అన్నాడు. అప్పుడది వెటకారంగా వినబడింది. మొన్న పిన్ని ఫోన్ చేసినప్పుడు మళ్ళీ చెవిలో పడింది.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పడానికి కష్టంగా ఉంది. హాస్టల్లో నా పక్క మంచం అక్కకి బెంగుళూరులో ఉద్యోగమొచ్చింది. వాళ్ళన్నయ్య రేటింగులు చూసి ఒక ప్యాకర్సు వాళ్ళని మాట్లాడాడు. వాళ్ళు తొమ్మిది వేలన్నారు. ఇక్కడ సామాను ఎక్కించుకుని, అక్కడ దించే ముందు ఇంకో పద్నాలుగు వేలు ఇస్తేనే దింపుతామని లారీ రోడ్డు పక్కన ఆపేశారు. ఆ వారం ఆయన హాస్టలుకొచ్చి, కింద వరండాలో నిలబడి ఫోన్‌లో చూపిస్తూ మండిపడుతున్నాడు. "చూడండి, ఎంత మంచిగా రాశారో. మా అమ్మమ్మగారి పూజా మందిరం గీత పడకుండా చేర్చారట!"

ఆ వాక్యం నాది. మా అమ్మమ్మ పూజా మందిరం రావులపాలెంలో వంటింటి పక్కన ఉంది. నాకు తెలిసి అది ఆ గోడ వదిలి ఎక్కడికీ కదల్లేదు. అబద్ధం నమ్మేలా ఉండాలంటే ఇంట్లోంచి ఒక నిజం తెచ్చి అతకాలని నాకు నేనే కనిపెట్టుకున్న కిటుకది. ఆయన చదువుతుంటే మెట్ల మీద నిలబడి విన్నాను. ఏమీ అనలేదు. ఆ రోజే మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. ఉద్యోగం వచ్చేదాకా ఇంకో నెల రాశాను. ప్యాకర్సు షీటు వస్తే మాత్రం పక్క అమ్మాయికి తోసేదాన్ని. అదేం గొప్ప పని కాదు, ఆ అమ్మాయి రాసేది.

చాలా ఏళ్ళ తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో చేసిన ఒక అధ్యయనం గురించి చదివి ఉలిక్కిపడ్డాను. షికాగోలో 20 హోటళ్ళు తీసుకుని, వాటికి నిజంగా బస చేసినవాళ్ళ రివ్యూలు 400, డబ్బిచ్చి రాయించిన దొంగవి 400 పోగేశారు. ఒక్కో దొంగ రివ్యూకి ఒక డాలరు. ఆ రెండు రకాలూ కలిపి మనుషులకిచ్చి ఏది ఏదో చెప్పమంటే, బొమ్మా బొరుసా వేసినదానికంటే పెద్దగా నయంగా చెప్పలేకపోయారు. కంప్యూటర్ ప్రోగ్రాము మాత్రం దాదాపు 90 శాతం సరిగ్గా పట్టింది. దేన్ని బట్టి? దొంగవాటిలో "నేను", "నా" ఎక్కువ. భర్త ఎక్కువ. సెలవులకొచ్చామని, పని మీద వచ్చామని, ఎందుకొచ్చామో ఎవరితో వచ్చామో చెప్పడం ఎక్కువ. అసలు వాటిలో స్నానాలగది ఎక్కడుంది, గది ఎంత ఇరుకు, ఏ అంతస్తు లాంటి చోటుకి సంబంధించిన మాటలు ఎక్కువ. వెళ్ళనివాడికి గది కొలత ఎలా తెలుస్తుంది? కాబట్టి మొగుడిని తెస్తాడు. నేనూ అదే చేశాను కదా. షికాగోలో ఎవరో చేసిన పనే అమీర్‌పేటలో నేనూ ఎవరూ నేర్పకుండా చేశాను.

పిన్ని కొట్టు కింద మిగిలిన ఇరవై మూడింటిలో ఒకటి ఇలా ఉంది. "సందులోకి కారు రాదు, రామాలయం దగ్గర ఆపి నడవాలి. రేకు తీస్తుంటే దగ్గరుండి చూశాం, పొగకి కళ్ళు మండాయి. బెల్లంవి బాగున్నాయి, పంచదారవి మరీ తీపి. ఫోన్‌పే ఉంది." నాలుగు స్టార్లు. దీని పక్కన మా బావగారి "బెస్ట్ పూతరేకులు ఇన్ ఆత్రేయపురం" పెట్టి చూడండి. ఊరి పేరు, సరుకు పేరు, బెస్ట్. సారు ఎక్సెల్ షీటులోంచి ఊడిపడ్డట్టుంది. బావగారు నిజంగానే ఆ సాయంత్రం ఆరు రేకులు తిన్నారు, పాపం.

మనవాళ్ళ విషయంలో నా సొంత కొలత ఇంకొకటుంది. "కానీ." తెలుగువాడు "కానీ" లేకుండా ఎవర్నీ మెచ్చుకోడు. పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఏమంటాం? "అన్నీ బావున్నాయి కానీ పప్పులో ఉప్పు తగ్గింది." పిల్ల బంగారం కానీ ఎత్తు తక్కువ. ఇల్లు బ్రహ్మాండం కానీ వీధి పోటు. అంతటి జాతి ఉన్నట్టుండి ఓ మిక్సీ గురించి ఒక్క "కానీ" కూడా లేకుండా నూటయాభై మంది పొగిడారంటే నేను నమ్మను. అయితే ఈ కొలత కూడా పూర్తిగా పనికిరాదు. ఆ "కానీ"ని పార్కింగ్ రూపంలో అమ్మింది మేమే కదా. ఇప్పుడైతే ఏఐని అడిగితే గోదావరి యాసలో ఒకటి, కరీంనగర్ యాసలో ఒకటి, ఒక్కో దాంట్లో ఒక్కో "కానీ" వేసి నిమిషంలో వంద ఇస్తుంది. చెప్పుల డబ్బా నిండా సిమ్‌లు పెట్టుకున్న మా సారు ఇవాళ ఏం చేస్తున్నాడో.

మిక్సీ అన్నాను కాబట్టి. పోయిన దీపావళికి అమ్మకి మిక్సీ కొందామని మూడు రాత్రులు కూర్చున్నాను. నేను అయిదు స్టార్లవీ చదవను, ఒకటివీ చదవను. మూడువి చదువుతాను. డబ్బిచ్చి మూడు ఎవడూ వేయించుకోడు, పోటీవాడు పగబట్టి వేస్తే ఒకటే వేస్తాడు. తారీఖులు చూస్తాను. నెలంతా ఏమీ లేకుండా ఒక్క మంగళవారం నలభై పడ్డాయంటే ఆ రోజు ఎవరో షీటు పంచారన్నమాట. రాసినవాడి పేరు నొక్కి వాడు ఇంకేం రాశాడో చూస్తాను. ఒకే రోజు సూరత్‌లో టైల్సు, ఇండోర్‌లో పంటి డాక్టరు, మధురైలో లాడ్జి మెచ్చుకున్నవాడు మనిషి కాదు, నాలాంటి ఇంకో అమ్మాయి. ఒక మిక్సీ కింద "రెండు ఉతుకులకి కూడా రంగు పోలేదు, నెక్ డిజైన్ బాగుంది" అని ఉంది. పాత కుర్తా పేజీని మిక్సీ పేజీగా మార్చేసి, ఆ రివ్యూలు అలాగే వాడుకుంటున్నారు. మనదగ్గరే కాదు. 2023లో అమెరికాలో విటమిన్ బిళ్ళలమ్మే కంపెనీ ఒకటి ఇలా ఒక సరుకు రివ్యూలని ఇంకో సరుకుకి అంటగట్టినందుకు 6 లక్షల డాలర్లు కట్టింది.

"కొన్నవాళ్ళే రాశారు" అనే ముద్ర చూసి కూడా నమ్మక్కర్లేదు. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఫేస్‌బుక్ గ్రూపుల్లో చేరి, అమెజాన్‌లో అమ్మే సుమారు 1,500 సరుకులకి రివ్యూలు ఎలా కొంటున్నారో గమనించారు. పద్ధతి ఏమిటంటే, వస్తువు మనమే మన డబ్బుతో కొంటాం, అయిదు కొడతాం, అమ్మినవాడు డబ్బు వెనక్కి పంపేస్తాడు. కొన్నమాట నిజమే కాబట్టి ముద్ర పడుతుంది. కొన్నాళ్ళు రేటింగూ అమ్మకాలూ పెరిగాయి. రివ్యూలు కొనడం ఆపగానే రేటింగు జారింది, ఒక స్టార్ రివ్యూలు పెరిగాయి. ఆ ఒక స్టార్ వేసినవాళ్ళెవరు? అయిదు చూసి నిజంగా డబ్బు పెట్టి కొన్నవాళ్ళు. హాస్టల్ వరండాలో నిలబడ్డ ఆ అన్నయ్య లాంటివాళ్ళు.

ఈ రేట్ల సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఊబా బట్లర్ అనే లండన్ కుర్రాడు గుర్తొస్తాడు. అతనూ హోటళ్ళకి దొంగ రివ్యూలు రాసేవాడే, ఒక్కోదానికి 10 పౌండ్లు. నాకు 10 రూపాయలు. 2017లో తను ఉండే షెడ్డుని రెస్టారెంటని, హోటళ్ళకి రేటింగులిచ్చే ట్రిప్‌అడ్వైజర్ సైటులో పెట్టాడు. లేని రెస్టారెంటుకి వంటకాల ఫోటోలు కూడా పెట్టాడు. షేవింగ్ ఫోమ్‌తో చేసిన క్రీము, తన కాలి మడమతో కలిపి తీసిన గుడ్డు. స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. అడిగినవాళ్ళకల్లా టేబుల్ ఖాళీ లేదన్నాడు. ఆరునెలల్లో అది లండన్ నగరంలో నంబర్ వన్ అయింది. చివరికి ఒక రాత్రి నిజంగానే కొందరిని పిలిచి, సూపర్ మార్కెట్‌లో దొరికే రెడీమేడ్ భోజనం వేడిచేసి పెట్టాడు. తిన్నవాళ్ళలో కొందరు మళ్ళీ ఎప్పుడు రావచ్చని అడిగారట. దీన్ని అందరూ జోకులా చెబుతారు. నాకు మాత్రం ఆ తిన్నవాళ్ళ మీద నవ్వు రాదు. అన్ని చుక్కలు చూసి వచ్చాక నాలుక కూడా వాటి మాటే వింటుంది.

ఇక్కడ ఇంకో రకం తయారైంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు డిగ్రీ చివరి ఏడు. ఓ రోజు లిఫ్ట్ దగ్గర ఆపి ఫోన్ చూపించాడు. "అక్కా, ఈ ఊరు ఎక్కడుంది?" చూస్తే ఏదో విదేశీ హోటలు. దానికి అయిదు స్టార్లు కొట్టి స్క్రీన్‌షాట్ పంపాలి, నూటయాభై వస్తాయి. మొదటి రోజు మూడు కొట్టాడు, నాలుగువందల యాభై నిజంగానే పడ్డాయి. నాకు గుండె జారింది. "ఇంకేమైనా కట్టమన్నారా?" అంటే తల దించుకున్నాడు. "ప్రీపెయిడ్ టాస్క్" అట. వెయ్యి కడితే పదమూడొందలు, అయిదువేలు కడితే ఇంకా ఎక్కువ. అప్పటికే వాళ్ళమ్మ చీటీ డబ్బు ముప్పైఎనిమిది వేలు పోయాయి. గ్రూపులో మిగతావాళ్ళంతా లక్షలు వచ్చాయని స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. ఆ మిగతావాళ్ళంతా దొంగలే. పక్కన కూర్చుని సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించాను. ఆలస్యమైంది, అందులో కొంచెమే ఆగింది.

2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసం ఇదే బాపతు. రివ్యూలు రాస్తే డబ్బులంటూ మొదలుపెట్టి, దేశమంతా దాదాపు 15,000 మందిని ముంచారు. డబ్బు బోగస్ కంపెనీల ఖాతాల్లోంచి క్రిప్టోగా మారి దేశం దాటింది. ఆ పిల్లాణ్ణి నేను తిట్టలేకపోయాను. పది రూపాయలకి నేను చేసిన పనే నూటయాభైకి చేస్తున్నాననుకున్నాడు. నన్ను దోచుకోలేదు, వాణ్ణి దోచుకున్నారు, అంతే తేడా.

చట్టం సంగతీ చూశాను, కొంచెం భయంతోనే. మనకి 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే అమ్మేవాడు కొన్నవాడిలా నటిస్తూ రివ్యూ రాయకూడదని ఉంది. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అని రివ్యూల కోసమే ఒక ప్రమాణం తెచ్చింది, స్వచ్ఛందంగా పాటించమంటూ. రాసినవాడు ఎవరో ఫోన్‌తోనో మెయిల్‌తోనో సరిచూసుకోవాలి. డబ్బిచ్చి కొన్నవీ, ఆ పని కోసమే పెట్టుకున్న మనుషులు రాసినవీ వెయ్యకూడదు. "ఆ పని కోసమే పెట్టుకున్న మనుషులు." చదువుతుంటే నా హాజరు పిలిచినట్టనిపించింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన నియమంలో తెలిసి చేసిన ఒక్కో ఉల్లంఘనకి, అప్పటి లెక్కన, 51,744 డాలర్ల దాకా జరిమానా. నేను మూడు నెలల్లో ఆరేడొందలు రాసి ఉంటాను. గుణించబోయి కాలిక్యులేటర్ మూసేశాను. అందులోనే ఇంకొకటుంది. మంచిగా రాస్తేనే ఏదైనా ఇస్తామని షరతు పెట్టడం కూడా తప్పే. అంటే చిన్నాగాడి రెండు రేకులు.

వాడికి ఇది చెబితే "మనం అమెరికాలో ఉన్నామేంటక్కా" అన్నాడు.

నష్టం ఎక్కడుందో వాడికి చూపించింది నేను కాదు, ఒక కస్టమరు. రివ్యూలు పోకముందే, పండగ హడావుడిలో, మియాపూర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఏభై బాక్సులు కావాలంది, కూతురి సీమంతానికి. అన్నీ మాట్లాడుకుని చివర్లో పిన్నిని అడిగిందట. "ఏమీ అనుకోకండి, మీ రివ్యూలన్నీ మరీ బాగున్నాయి. కొనుక్కున్నవా?" పిన్నికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. రివ్యూలు కొనడమేంటి? "లేదండీ, అందరూ మా చుట్టాలేనండి" అని ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ ఫోన్ పెట్టేసింది, మళ్ళీ చెయ్యలేదు. ముప్పై ఏళ్ళుగా పొగలో కళ్ళు పోగొట్టుకుంటున్న మనిషి చేతి పనికి పడ్డ చుక్కలు చూసి అనుమానపడే రోజొచ్చింది. ఆ కిరాణా కొట్టాయన నాణెం తిప్పితిప్పి చూసినట్టే. ఆ అనుమానం ఆవిడకి ఎవరు నేర్పారు? నాలాంటివాళ్ళం పదేసి రూపాయలకి నేర్పాం.

హైవే పక్కన ఎక్కడ చూసినా "ఆత్రేయపురం పూతరేకులు" అని బోర్డులుంటాయి, గమనించారా? 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే ముద్ర, వచ్చింది. బోర్డుల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఇది వేరే పోస్టు.

ఆదివారం ఊరెళ్ళాను. చీటీలు తీయించాను. చుట్టాల్ని మళ్ళీ రాయొద్దన్నాను. పెదనాన్న కొంచెం నొచ్చుకున్నారు. అప్పుడు పిన్ని నెమ్మదిగా అసలు బాధ బయటపెట్టింది. మిగిలిన వాటిలో అన్నిటికంటే పైన ఒక మూడు స్టార్లది కూర్చుంది. "పదిలో నాలుగు రేకులు పొడి పొడిగా విరిగి వచ్చాయి. రుచి బాగుంది. అడిగితే కొరియర్ వాళ్ళ తప్పన్నారు." అంతకుముందు మా పదమూడింటి కింద కనిపించకుండా ఉండేది.

"మంచివన్నీ పోయి ఇదొక్కటే నెత్తినెక్కి కూర్చుంది. దీన్ని తీయించవే" అంది.

"నిజంగా విరిగాయా?"

పిన్ని మాట్లాడకుండా పొయ్యి దగ్గరకెళ్ళి కూర్చుంది. కుండ బోర్లించి ఉంది, కింద కొబ్బరి కమ్మల మంట. జయ బియ్యం రుబ్బి పాలలా పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగింది. చర్రుమంది. రెప్ప వేసేలోపు అంచు లేచింది, ఒడుపుగా అందుకుని పక్కన పెట్టింది. దాని కింద వేలు పెడితే వేలు కనపడుతుంది, అంత పల్చన. చుట్టే ముందు తడిగుడ్డతో కాస్త మెత్తబరచాలి. చెమ్మ ఎక్కువైతే ముద్ద, తక్కువైతే పెళుసు.

"ఆ వారం ఆర్డర్లు ఎక్కువ," అంది నావైపు చూడకుండా. "చుట్టేవాళ్ళు కొత్త. తడి సరిగ్గా పెట్టలేదు. కొరియరు వాళ్ళ మీదకి తోసేశాడు చిన్నాగాడు."

"అదే రాయి."

"రాయడమా?"

ఫోన్‌లో మైకు నొక్కి ఇచ్చాను. పిండి చెయ్యి చీరకి తుడుచుకుని, ఫోన్‌ని నోటి దగ్గర మైసూర్‌పాకు ముక్కలా పట్టుకుని, ఎదురుగా ఆ మనిషే కూర్చున్నట్టు గట్టిగా మాట్లాడింది. ఫోను రేకులని ఒకచోట "రేఖలు" అని రాసుకుంది, ఒక "అండి" మింగేసింది. చిన్నాగాడు సరిచేస్తానంటే వద్దంది. ఇప్పుడు ఆ మూడు చుక్కల కింద ఇలా ఉంది:

"ఆయ్, రేఖలు విరిగిన మాట నిజమేనండి. కొరియర్ వాళ్ళ తప్పు కాదు, తడి మేమే సరిగ్గా పెట్టలేదు. అబద్ధం చెప్పాడు మా అబ్బాయి. మీ అడ్రసు ఉంది మా దగ్గర, నాలుగు పంపుతున్నాను. చుక్కలు మార్చక్కర్లేదండి."